సిస్టమ్‌లో ఉంది, బిన్‌లో లేదు

పొద్దున ఎనిమిదిన్నరకి అసెంబ్లీ నుంచి ఫోన్, లైన్ ఆగిపోయిందని. మేం నీటి పంపులు తయారుచేస్తాం. ఆ షిఫ్టులో పెట్టిన 34 పంపులకి కేసింగులు, అంటే పంపు బయటి తొడుగులు, పెయింటింగ్ అయిపోయి వచ్చేశాయి, ఇంపెల్లర్లు బ్యాలెన్సింగ్ పూర్తయి ట్రేల్లో ఉన్నాయి, మోటార్లు ముందు రోజు సాయంత్రమే దిగాయి. లేనిదల్లా మెకానికల్ సీల్. గుప్పిట్లో పట్టే వస్తువు, షాఫ్ట్ వెంబడి నీళ్లు బయటికి రాకుండా ఆపుతుంది, అది లేకుండా పంపు బిగించడం కుదరదు. సిస్టమ్‌లో చూస్తే 212 ఉన్నట్టు చూపిస్తోంది. నేనే స్టోర్స్‌కి వెళ్లి ఆ సీల్స్ ఉంచే డబ్బా, అంటే బిన్, బయటికి లాగాను. అడుగున ఖాళీ ప్లాస్టిక్ కవర్లు రెండు, నలిగిపోయిన ట్యాగు ఒకటి.

స్టోర్స్ చూసుకునే పెద్దాయన పక్కనే నిలబడి, "రెండు వారాల నుంచీ ఇవి తగ్గిపోతున్నాయని చూస్తూనే ఉన్నా బాబూ, ఆర్డర్ దారిలో ఉందేమో అనుకున్నా" అన్నారు. ఆయన మాటలో నిష్ఠూరం లేదు, ఉన్నదున్నట్టు చెప్పారంతే. కానీ ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే అదే వారం మా గోడౌన్‌లో సరుకు ఎప్పుడూ లేనంత ఎక్కువగా ఉంది, ఫోర్క్‌లిఫ్ట్ తిరగడానికి దారి చాలక కేసింగుల ప్యాలెట్లు బయట షెడ్డులో పెట్టించాం. ఇంత సరుకు పెట్టుకుని కూడా ఒక చిన్న సీల్ కోసం లైన్ ఆపుకున్నాం. ప్లానింగ్‌లో పదకొండేళ్లుగా ఉన్నాను, ఈ రెండూ ఒకే జబ్బుకి రెండు లక్షణాలని నాకు నిజంగా అర్థమైంది ఆ వారంలోనే.

ఆ 212 ఎక్కడికి పోయాయో పట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది. దొంగతనమేమీ లేదు. సర్వీస్ వాళ్లు రిపేరుకి వచ్చిన పంపుల కోసం ఐదో పదో సీల్స్ అర్జెంటుగా తీసుకెళ్తారు, చీటీ రాసి స్టోర్స్ గోడకున్న మేకుకి గుచ్చుతారు, ఆ చీటీల్లో సగం సిస్టమ్‌లోకి ఎక్కలేదు. ఇంకొకటి బీఓఎం, అంటే ఒక పంపుకి ఏయే పార్టులు ఎన్నెన్ని పడతాయో రాసుకునే జాబితా. ఒక మోడల్ డిజైన్ మారినప్పుడు సీల్ ఒకటి కాస్తా రెండయింది. డ్రాయింగ్ మార్చారు, బీఓఎం మార్చలేదు. మా దగ్గర పంపు తయారైందని ఎంట్రీ కొట్టగానే బీఓఎం ప్రకారం పార్టులన్నీ స్టాక్‌లోంచి వాటంతటవే తగ్గిపోతాయి, దీన్ని బ్యాక్‌ఫ్లష్ అంటాం. అంటే ఆ మోడల్ పంపు ఒకటి పూర్తయిన ప్రతిసారీ లేని సీల్ ఒకటి సిస్టమ్‌లో మిగిలిపోతూ వచ్చింది.

ఇక ఫిట్టింగ్ బెంచీ. సీల్‌కి ఒకవైపు కార్బన్ రింగు ఉంటుంది, దాని ముఖం అద్దంలా నున్నగా ఉండాలి, బిగించేటప్పుడు అంచున గోటి మొనంత పెచ్చు లేచినా పంపు కారుతుంది. ఫిట్టర్ దాన్ని పక్కన పడేసి కొత్తది తీసుకుంటాడు. చేయాల్సిన పనే చేశాడు. స్క్రాప్ చీటీ మాత్రం రాయలేదు, రాయాలని మేం ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి.

ఇక్కడ చిన్న లెక్క చెప్తాను, ప్లానింగ్‌లో ఉన్న ప్రతి ఒక్కరూ దీన్ని ఒక్కసారైనా చేసి చూడాలి. స్టాక్ లెక్క 95 శాతం కరెక్ట్ అంటే చాలామంది మేనేజర్లు సంతోషపడతారు. కానీ పంపుకి కావాల్సింది ఒక పార్టు కాదు కదా. పది పార్టులు కావాలనుకుంటే పదింటి లెక్కా ఒకేసారి సరిగ్గా ఉండే అవకాశం 60 శాతమే, 0.95ని పదిసార్లు గుణించుకుంటే తెలుస్తుంది. ఇరవై పార్టులైతే 36 శాతానికి పడిపోతుంది. మా పంపుల్లో చాలావాటికి ఇరవై రకాల పైనే పడతాయి. అంటే మేం వేసే ప్రతి మూడు ప్లాన్లలో దాదాపు రెండింటి కింద ఎక్కడో ఒక తప్పు అంకె ఉందన్నమాట. 1960ల్లో జోసెఫ్ ఓర్లికీ లాంటి వాళ్లు మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్‌ని కంప్యూటర్ మీదకి తెచ్చారు, కంపెనీల స్టాక్, ఆర్డర్ల లెక్కలు నడిపే ఇప్పటి ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్లన్నిటి లోపలా నడిచేది అదే. లోపల జరిగేది తీసివేతలే. ఎన్ని కావాలి, చేతిలో ఎన్ని ఉన్నాయి, ఆర్డర్‌లో ఎన్ని ఉన్నాయి, మిగిలినవి రావాలంటే ఎన్ని రోజుల ముందు ఆర్డర్ పెట్టాలి. చేతిలో ఉన్నవి ఎన్ని అన్న దగ్గర అంకె తప్పితే, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా ఆ తప్పునే శ్రద్ధగా లెక్కకట్టి మనకి ఇస్తుంది.

మేం ఏడాదికోసారి స్టాక్ లెక్కపెట్టేవాళ్లం. రెండు రోజులు ఫ్యాక్టరీ మూసి, అందరం కలిసి, రాత్రి పొద్దుపోయేదాకా. అప్పుడు దిద్దిన అంకెలు రెండు నెలలు తిరక్కముందే మళ్లీ తప్పేవి, పైగా పన్నెండు నెలల కిందట జరిగిన పొరపాటుకి కారణం ఎవరికీ గుర్తుండదు. ఇప్పుడు రోజూ పదిహేను బిన్లు లెక్కపెడతాం, సైకిల్ కౌంటింగ్ అంటారు. పుస్తకాల్లో చెప్పేది విలువ ఎక్కువున్న 'ఏ' క్లాస్ వస్తువుల్ని తరచుగా, తక్కువున్న 'సీ' క్లాస్ వాటిని అప్పుడప్పుడు లెక్కపెట్టమని. నేను దానికి పూర్తిగా ఒప్పుకోను. విలువ చూస్తే మా సీల్ సీ క్లాసే, కానీ అది లేకపోతే మోటారు ఉండి ఏం లాభం? అందుకే లైన్ ఆపగల ప్రతి వస్తువునీ, విలువతో సంబంధం లేకుండా, వారానికోసారి చూసే జాబితాలో పెట్టాం. స్టోర్స్ పెద్దాయన ఇంకో మాట చెప్పారు, బిన్ నిండుగా ఉన్నప్పుడు కాకుండా అడుగుకి వచ్చినప్పుడు లెక్కపెట్టమని. ఎనిమిది వందలు లెక్కపెట్టడం కంటే ఇరవై లెక్కపెట్టడం తేలిక, తప్పు జరిగే అవకాశమూ తక్కువ. తేడా కనిపిస్తే అంకె దిద్దడంతో సరిపెట్టకుండా అది ఎందుకొచ్చిందో ఆ రోజే అడుగుతాం. అంకె దిద్దడానికి నిమిషం చాలు, కారణం పట్టుకోవడానికి ఒక్కోసారి పూటంతా పడుతుంది, అయినా ఆ పూట వృథా పోదు.

సేఫ్టీ స్టాక్ గురించి కూడా చెప్పాలి, నా అంచనా ఇక్కడే పూర్తిగా తప్పింది. ఈ సీల్ రోజుకి సగటున 30 వాడతాం, ఆర్డర్ పెట్టాక రావడానికి 16 పనిదినాలు. కాబట్టి బిన్‌లో 480కి తగ్గేటప్పటికి ఆర్డర్ పెట్టేసి ఉండాలి, దాని మీద కొంత ఎక్స్‌ట్రా. ఆ ఎక్స్‌ట్రా ఎంత? రోజువారీ వాడకంలో హెచ్చుతగ్గులు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 10 అనుకుంటే, 16 రోజులకి అది 40 అవుతుంది (16 వర్గమూలం 4తో గుణించాలి), నూటికి 95 సార్లు కొరత రాకూడదంటే దాన్ని 1.65తో గుణించాలి, 66 వస్తుంది. నేను ఏళ్ల తరబడి అంతే పెట్టాను. కానీ ఆ 16 రోజులు ఎప్పుడూ కచ్చితంగా 16 కావు కదా, ఒకసారి 12, ఒకసారి 21. రావడంలోనే నాలుగు రోజుల డీవియేషన్ ఉందని లెక్కలో కలిపితే అదే 66 కాస్తా 209 అవుతుంది. మూడు రెట్లు! వాడకం హెచ్చుతగ్గుల గురించి సేల్స్ వాళ్లతో నేను పడ్డ గొడవలన్నీ ఒక ఎత్తు, సప్లయర్ తేదీల నిలకడలేనితనం ఒక్కటే ఒక ఎత్తు అని ఆ అంకె చూశాకే తెలిసింది. అప్పటి నుంచి సప్లయర్‌ని త్వరగా పంపమని అడగడం మానేశాను. 18 రోజులు పడుతుందంటే 18 అనే చెప్పండి, కానీ 18కే పంపండి, ఆలస్యమయ్యేట్టుంటే వారం ముందు ఒక ఫోన్ చేయండి అని అడుగుతున్నాను.

ఇక గోడౌన్ నిండిపోవడం సంగతి. దీనికి కారణం పర్చేజ్ వాళ్లు ఎక్కువ కొనడమని అందరం అనుకున్నాం, తీరా చూస్తే సరుకు పేరుకుపోయింది నా షెడ్యూల్ వల్ల. ఆర్డర్ లేట్ అవుతుందన్న టెన్షన్‌తో ప్రతి పనినీ వారం, పది రోజులు ముందుగా షాప్ ఫ్లోర్‌కి రిలీజ్ చేసేవాణ్ణి, ముందు మొదలుపెడితే ముందు అయిపోతుందన్న నమ్మకంతో. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఒకటుంది, చాలా చిన్నది: మధ్యలో ఉన్న సరుకు ఎంతో, రోజుకి బయటికి వెళ్లేది ఎంతో తెలిస్తే, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఒక్కో వస్తువు లోపల ఎన్ని రోజులు ఉంటుందో వచ్చేస్తుంది. మాకు రోజుకి 100 పంపులు వెళ్తాయి, ఫ్లోర్ మీద సగం పనిలో ఉన్నవి 1,500. అంటే 15 రోజులు. ఒక పంపు మీద నిజంగా చేయి పడే సమయం, మెషినింగ్ నుంచి టెస్టింగ్ దాకా అంతా కలిపినా, ఒక షిఫ్టుకి మించదు. మిగిలిందంతా వంతు కోసం ఎదురుచూడటమే. నేను ఇంకా ముందుగా రిలీజ్ చేసేకొద్దీ ఆ 1,500 పెరుగుతుంది, బయటికి వెళ్లేది మాత్రం 100 దగ్గరే ఉంటుంది, కాబట్టి ప్రతి ఆర్డరూ ఇంకా లేట్ అవుతుంది, అది చూసి నేను ఇంకా ముందుగా రిలీజ్ చేస్తాను. ఈ సుడిగుండంలో నేను ఏళ్లు గడిపాను.

ఆ 100ని తేల్చేది ఒకే ఒక్క మెషిన్, కేసింగ్ బోరింగ్ చేసేది, అంటే కేసింగు లోపలి రంధ్రాన్ని సరైన కొలతకి తొలిచేది. మిగతావన్నీ దానికంటే వేగంగా పోతాయి. దాన్ని పేపరు మీద నూటికి నూరు శాతం నింపడం గొప్ప ప్లానింగ్ అనుకునేవాణ్ణి. క్యూల లెక్కలో అన్నిటికంటే సాదా మోడల్ తీసుకున్నా, మెషిన్ 80 శాతం బిజీగా ఉంటే సగటున 4 పనుల సమయమంత ఎదురుచూపు, 90 అయితే 9, 95 అయితే 19. ఇప్పుడు దాని షెడ్యూల్‌లో 85 దాటి రాయను. మిగిలిన 15 శాతం ఖాళీగా పోతుందా అంటే పోదు, టూల్ విరగడం, మెటీరియల్‌లో గట్టి మచ్చలు రావడం, ఆపరేటర్‌కి జ్వరం రావడం, వీటన్నిటికీ అదే సరిపోతుంది. కొత్త పని ఆ మెషిన్ ముందు క్యూ తగ్గినప్పుడే లోపలికి వెళ్తుంది. మొదటి రెండు వారాలు మిగతా మెషిన్ల వాళ్లు పని లేక నిలబడటం చూసి సూపర్‌వైజర్లు నా మీద మండిపడ్డారు, అది సహజం, మనిషి ఖాళీగా కనిపిస్తే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

ఇదే మెషిన్ మీద ఒక మోడల్ నుంచి ఇంకో మోడల్‌కి మారడానికి రెండు గంటలు పట్టేది. అందుకే ఒకసారి మొదలుపెడితే 240 కేసింగులు కొట్టేసేవాళ్లం. బ్యాచ్ సైజు లెక్కకి ఫోర్డ్ హారిస్ 1913లోనే ఫార్ములా రాశాడు, అందులో సెటప్ ఖర్చు వర్గమూలం లోపల ఉంటుంది. కాబట్టి సెటప్ మూడో వంతుకి తగ్గితే బ్యాచ్‌ని 1.73తో భాగిస్తే వచ్చేంతకి తగ్గుతుంది. మేం చేసిందల్లా తర్వాతి మోడల్‌కి కావాల్సిన, కేసింగుని పట్టి ఉంచే జాలు, బోరింగ్ బార్లు, గేజులు మెషిన్ నడుస్తుండగానే ట్రాలీలో సర్ది పక్కన పెట్టడం. ఇదివరకు మెషిన్ ఆపాక వెతికేవాళ్లం. రెండు గంటలు 40 నిమిషాలైంది, బ్యాచ్ 140కి తెచ్చాం. టయోటాలో షిగియో షింగో వెయ్యి టన్నుల ప్రెస్ సెటప్‌ని నాలుగు గంటల నుంచి తొంభై నిమిషాలకి, అక్కడి నుంచి మూడు నిమిషాలకి దింపించాడు, దాని ముందు మాది చాలా చిన్న పని. అయినా షెడ్డులో పెట్టిన ప్యాలెట్లు ఖాళీ అయింది ఈ ట్రాలీ వల్లే.

ఇదంతా చూసి మా వాళ్లలో ఒకరిద్దరు ఇక స్టాకే వద్దు అనేదాకా వెళ్లారు. నేను ఒప్పుకోలేదు. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో ఐసిన్ సెయికి ఫ్యాక్టరీ తగలబడితే, బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వ్ అందక టయోటా ప్లాంట్లు దాదాపు అన్నీ ఆగాయి, వాళ్ల దగ్గర ఆ వాల్వ్ స్టాక్ కొన్ని గంటలకి సరిపోయేదే. ఒకే చోటి నుంచి వచ్చే వస్తువు విషయంలో నాకు గుండె ధైర్యం తక్కువ, సీల్స్ ఇప్పుడు లెక్కలో వచ్చినదానికంటే కాస్త ఎక్కువే ఉంచుతున్నాను.

సేల్స్ వాళ్లతో ఒక ఒప్పందం కుదిరింది. వచ్చే వారం షెడ్యూల్ ఫ్రీజ్, అంటే మార్చకూడదు, మరీ తప్పనిసరై ఏదైనా లోపలికి తోస్తే అంతే బోరింగ్ సమయం పట్టే ఇంకో ఆర్డర్‌ని వాళ్లే బయటికి తీయాలి. ఇది బాగానే నడుస్తోంది. మోటార్ల సంగతి మాత్రం ఇంకా కొలిక్కి రాలేదు, ఆ సప్లయర్ మూడు వారాలంటాడు, ఏడు వారాలకి పంపుతాడు, రెండో సప్లయర్ కోసం చూస్తున్నాం.

సీల్ బిన్ సోమవారాలు లెక్కపెడతాం. ఈ వారం సిస్టమ్‌లో 588, బిన్‌లో 586. స్క్రాప్ చీటీలన్నీ ఎక్కించేశారు, సర్వీస్ వాళ్ల చీటీలూ ఎక్కాయి. ఆ రెండూ ఎక్కడ పోయాయో రేపు పొద్దున షిఫ్టు మొదలవగానే బెంచీ దగ్గరికి వెళ్లి అడగాలి.