గాలీవాగ్ బొమ్మ: పాతదైతే ఒక లెక్క, కొత్తది ఎందుకు కుడుతున్నట్టు?

ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున ఉండే చిన్న ఊళ్ళకి వెళ్తే గిఫ్ట్ షాపుల్లో ఇప్పటికీ అక్కడక్కడా గాలీవాగ్ బొమ్మలు కనిపిస్తాయి. చూడనివాళ్ళ కోసం చెప్తున్నా, బొగ్గులాంటి గుడ్డ మొహం, చుట్టూ తెల్ల రింగులతో గుండ్రటి కళ్ళు, లావుపాటి ఎర్ర పెదాలు, నిక్కబొడుచుకున్న జుట్టు, ఎర్ర ప్యాంటు, నీలం కోటు, మెడకి బో. మొన్న సెలవుల్లో ఒక షాపులో టెడ్డీబేర్ల పక్కన కూర్చోబెట్టి ఉంటే తీసి తిప్పి చూశా, వెనకాల తళతళలాడే కొత్త లేబుల్ ఉంది, అంటే అటక మీంచి దింపిన బామ్మగారి బొమ్మ కాదు, ఈమధ్యే ఎక్కడో కుట్టించి తెచ్చిందే. కౌంటర్లో ఉన్నావిడ నేనేమీ అడక్కుండానే "పెద్దవాళ్ళు అడుగుతారండీ, వాళ్ళ చిన్నప్పటి జ్ఞాపకం కదా" అంది. టెడ్డీబేర్ గురించి మాత్రం ఎవరూ అలా సంజాయిషీ ఇచ్చుకోరు.

ఈ బొమ్మని వెనకేసుకొచ్చేవాళ్ళు చెప్పే మాటలో సగం నిజం ఉంది. 1895లో ఫ్లోరెన్స్ అప్టన్ బొమ్మలేసిన పిల్లల పుస్తకంలో మొదటిసారి వచ్చిన గాలీవాగ్ చూడ్డానికి భయంకరం గానీ మనసు మంచిది, కథానాయకుడి కిందే లెక్క. కానీ ఆవిడ ఆ రూపం తీసుకున్నది చిన్నప్పుడు అమెరికాలో ఆడుకున్న ఒక మిన్‌స్ట్రెల్ బొమ్మ నుంచి, మిన్‌స్ట్రెల్ అంటే తెల్లవాళ్ళు మొహానికి మసి పూసుకుని స్టేజీ ఎక్కి నల్లజాతి వాళ్ళని వెక్కిరించే ఆట. పైగా ఆవిడ హక్కులు రిజిస్టర్ చేయించుకోలేదు, దాంతో ఎవడికి నచ్చినట్టు వాడు కుట్టి అమ్ముకున్నాడు, జర్మనీ స్టైఫ్ కంపెనీ 1908 కల్లా దిగింది, రాబర్ట్‌సన్స్ జామ్ వాళ్ళు 1910 ప్రాంతంలో సీసా మీదకి ఎక్కించి 2001 దాకా దించలేదు. పిల్లల కథల రచయిత్రి ఎనిడ్ బ్లైటన్ 1951లో రాసిన నాడీ (ఆట బొమ్మల లోకంలో ఉండే చెక్కబొమ్మ కుర్రాడు) కథలో అయితే చీకటి అడవిలో నాడీ కారు కొట్టేసే దొంగలు వీళ్ళే, తర్వాతి ఎడిషన్లలో వాళ్ళ ప్లేసులో గాబ్లిన్లని, అంటే పొట్టి దయ్యాల్లాంటి వాళ్ళని పెట్టారు.

ఇంతలో ఆ పేరు బొమ్మని దాటిపోయింది. కరీబియన్ నుంచి వచ్చినవాళ్ళ పిల్లల్ని స్కూల్లో ఆ పేరుతోనే పిలిచి ఏడిపించారు, అందులో చివరి ముక్క "వాగ్" మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళకీ తిట్టుగా తగిలింది. "నేను ఆ బొమ్మని గుండెలకి హత్తుకుని పడుకునేవాణ్ణి, నాకు రేసిజం ఏంటో కూడా తెలీదు" అని ఒక తెల్ల తాతగారు అంటే నేను నమ్ముతా, నిజమే అయ్యుంటుంది, కానీ అదే క్లాసులో వెనక బెంచీలో కూర్చున్న పిల్లాడికి కూడా ఒక జ్ఞాపకం ఉంటుంది కదా, వాడి మాట షాపులో ఎవరు అడుగుతున్నారు?

మన వాట్సాప్ గ్రూపులో ఈ టాపిక్ వస్తే ఒకాయన "మరి మన దిష్టిబొమ్మ సంగతేంటి, అదీ నల్లగానే ఉంటుందిగా" అన్నాడు. అది రాక్షసుడి మొహం, ఏ జాతినీ వెక్కిరించడానికి చేసింది కాదు. కానీ నల్లగా పుట్టిన ఆడపిల్లని దిష్టిబొమ్మ అని పిలిచే మేనత్తలు మన ఇళ్ళలో లేరా, ఆ పిల్లనడిగితే తెలుస్తుంది. (ఆయన మళ్ళీ రిప్లై ఇవ్వలేదు, గుడ్ మార్నింగ్ ఫోటో పెట్టాడు.)

అలాగని పాతవన్నీ తగలబెట్టమని నేననను. అమెరికాలో మిషిగన్‌లోని ఫెరిస్ స్టేట్ యూనివర్సిటీలో జిమ్ క్రో మ్యూజియం ఉంది, నల్లజాతి వాళ్ళని కించపరిచే బొమ్మలు, పోస్టర్లు, ప్రకటనలు అన్నీ అక్కడ పెట్టి పాఠం చెప్తారు. దాన్ని మొదలుపెట్టిన డేవిడ్ పిల్‌గ్రిమ్ కూడా నల్లజాతి మనిషే, పన్నెండు పదమూడేళ్ళప్పుడు అలాంటి ఉప్పు డబ్బా బొమ్మ ఒకటి కొని, అమ్మినవాడి ఎదురుగానే నేలకేసి కొట్టాడట. తర్వాత పగలగొట్టడం మానేసి పోగేయడం మొదలెట్టాడు. పాత సామాన్ల వాళ్ళు అమ్మకపోతే ఆ మ్యూజియమే లేదు. అందుకే ఏ కాలందో చీటీ రాసి పెట్టి యాంటిక్ షాపువాడు అమ్మితే నాకు పేచీ లేదు, పిల్లల షెల్ఫులో కొత్త లేబుల్‌తో కూర్చోబెడితేనే ఒళ్ళు మండుతుంది.

పోలీసులతో కూడా ఇది తేలదు. 2023లో ఎసెక్స్‌లో గ్రేస్ అనే ఊళ్ళో ఒక పబ్ నుంచి పోలీసులు ఈ బొమ్మలు పట్టుకెళ్తే దేశమంతా రెండుగా చీలి కొట్టుకుంది, అప్పటిదాకా ఆ బొమ్మ మొహం చూడనివాళ్ళు కూడా పంతానికి సమర్థించారు. అదే 2009లో రాణిగారి శాండ్రింగ్‌హామ్ ఎస్టేట్ గిఫ్ట్ షాపులో ఇవి అమ్ముతున్నారని గొడవైతే, సారీ చెప్పి తీసేశారు, అంతటితో సరి. ఈ సముద్రం ఒడ్డు షాపులకి కూడా పెద్ద కష్టమేం కాదు, వచ్చే సీజన్‌కి హోల్‌సేల్ వాడికి ఆర్డర్ పెట్టేటప్పుడు ఆ ఒక్క ఐటమ్ రాయకపోతే చాలు.