టీ-6 టెక్సన్: కింది సిలిండర్లలో నూనె

చలికాలమంతా హ్యాంగరులో కదలకుండా ఉన్న టీ-6 టెక్సన్ పని మళ్లీ మొదలుపెట్టాం. మన వాయుసేన పైలట్లకు హార్వర్డ్ పేరుతో ఓనమాలు దిద్దించిన విమానం ఇదే. ముక్కులో ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1340: తొమ్మిది సిలిండర్లు, 600 హార్స్‌పవర్.

ఇలా సిలిండర్లు చుట్టూ నక్షత్రంలా అమర్చిన ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు నూనె పిస్టన్ రింగుల పక్కనుంచి జారి, అడుగున ఉన్న 5, 6 నంబర్ల సిలిండర్లలో చేరుతుంది. నూనె నొక్కితే అణగదు. లెక్క వేసి చూశాను: ఒక్కో సిలిండరు సుమారు 2.4 లీటర్లు, కంప్రెషన్ 6:1, అంటే పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు దాదాపు అర లీటరే. అంతకు మించి నూనె ఉండగా స్టార్టర్ నొక్కితే పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ రోజు ఇంజిన్ మామూలుగానే తిరగొచ్చు, రాడ్ మాత్రం తరవాత ఎప్పుడో గాలిలో ఉండగా విరుగుతుంది. నన్ను భయపెట్టేది అదే.

అందుకే ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పడం. స్పార్క్ ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోలు ఆఫ్, ఇంధనం బంద్, చక్రాలకు అడ్డుదిమ్మలు. అయినా మాగ్నెటో ఎర్తింగ్ తీగ తెగి ఉంటే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఇంజిన్ రగలొచ్చు కాబట్టి, ప్రొపెల్లర్ తిరిగే పరిధిలో ఎవరూ నిలబడరు, ప్రొపెల్లర్ రెక్క అంచు చుట్టూ వేళ్లు బిగించరు. రెండు రెక్కల ప్రొపెల్లర్ కనుక నాలుగు రెక్కలు దాటితే రెండు చుట్లు, అంటే ప్రతి సిలిండరూ ఒకసారి కంప్రెషన్ చూసినట్టు. మేం అంతకు రెట్టింపు తిప్పుతాం.

మూడో రెక్క దగ్గర గట్టిగా ఆగింది. ఇలాంటప్పుడు సాయానికి ఇంకొకరిని పిలవకూడదు; ఇద్దరు కలిసి లాగినా రాడ్ వంగుతుంది. వెనక్కి తిప్పడం మరీ ప్రమాదం: తెరుచుకున్న ఇన్‌టేక్ వాల్వు గుండా నూనె, గాలీ ఇంధనమూ లోపలికొచ్చే ఇన్‌టేక్ పైపులోకి పోతుంది, చేతికి అడ్డు తగలదు, స్టార్ట్ చేయగానే తిరిగి సిలిండర్లోకే వస్తుంది.

5, 6 సిలిండర్ల ముందువైపు స్పార్క్ ప్లగ్గులు విప్పాం. ఆరోదాని నుంచి నల్లటి నూనె ధారగా కారింది. కింద పెట్టిన బకెట్ చిన్నదైంది, హ్యాంగరు నేల కడగడానికే గంట పట్టింది. ఆగాక, ప్లగ్గులు లేకుండానే ముందుకే తిప్పి మిగిలింది కక్కించాం. అడుగు ఇన్‌టేక్ పైపులు కూడా చూశాం, పొడిగానే ఉన్నాయి. కొత్త రాగి వాషర్లతో ప్లగ్గులు బిగించాక ప్రొపెల్లర్ ఎక్కడా పట్టకుండా తిరిగింది.

ఒక ప్లగ్గు పింగాణీకి పగులు కనిపించింది, మార్చాలి. ఆ తరవాతే స్టార్ట్. అగ్నిమాపక సిలిండరుతో ఒకరు పక్కనే నిలబడతారు. స్టార్ట్‌కు ముందు ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ప్రైమర్ పంపు పొదుపుగా కొట్టాలి, ఎక్కువైతే సిలిండరు గోడల మీది నూనె పొర కడుక్కుపోతుంది. స్టార్ట్ అయ్యాక 30 సెకన్లలో నూనె పీడనం చూపకపోతే వెంటనే ఆపేస్తాం.