ఎలెన్ వైట్‌ను నమ్మకపోతే చేర్చుకోరా?

మా చెల్లి సెవెన్త్ డే అడ్వెంటిస్ట్ చర్చిలో బాప్తిస్మానికి సిద్ధమవుతోంది. సబ్బాతు (శనివారం ఆరాధన), యేసు రెండో రాకడ దగ్గర ఇబ్బంది లేదు. అడ్డంకల్లా ఈ చర్చి వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎలెన్ వైట్ దగ్గరే. "1915లో చనిపోయిన ఆవిడను ప్రవక్తగా ఒప్పుకోకపోతే నన్ను చేర్చుకోరా అన్నయ్యా?" అంది. చర్చిలో పెరిగిన నాకే వెంటనే జవాబు రాలేదు.

మా చర్చి 28 మూల విశ్వాసాల్లో 18వది ఎలెన్ వైట్ పేరు చెబుతుంది. బాప్తిస్మ ప్రమాణాల్లో ఆమె పేరుండదు, ప్రవచన వరాన్ని మాత్రం శేషించిన సంఘానికి (చివరి రోజుల్లో దేవునికి నమ్మకంగా మిగిలే సంఘానికి) గుర్తుగా ఒప్పుకోమంటారు. ఆ వరం ఎవరిదో అందరికీ తెలుసు, అది వేరే సంగతి!

1861లో మిచిగన్‌లోని బాటిల్ క్రీక్‌లో మన పెద్దలు రాసుకున్న నిబంధనలో దేవుని ఆజ్ఞలు, యేసు విశ్వాసం పాటిస్తామని మాత్రమే ఉంది. ప్రవక్త ఊసే లేదు. అప్పటికి ఆవిడ వాళ్ల మధ్యే ఉన్నారు!

నమ్మనివాళ్లను చేర్చుకుంటే రేపు సంఘంలో గొడవలని పెద్దల టెన్షన్. అది ఉత్త భయం కాదు. అయినా ఆవిడ పుస్తకాలు ఇష్టంగా చదివే నేను కూడా దీన్ని షరతుగా పెట్టకూడదనే అంటాను. తన దర్శనాలపై సందేహమున్నవాళ్లను, యేసు తిరిగి లేచాడని కళ్లారా చూస్తేగాని నమ్మని శిష్యుడు తోమాతో పోల్చి, వెలివేయకుండా ఓపిక పట్టమని రాసింది ఆవిడే. ఆ పేజీ చెల్లికి పంపాను. పాస్టరుగారికి చూపిస్తానంది.