చింతపిక్కలతో పదిహేను సెకన్ల సినిమా

చిన్నపిల్లలతో వీడియో ప్రాజెక్టు అంటే చాలా బళ్లలో జరిగేది ఇదే: పిల్లల్ని వరసగా నిలబెడతారు, బట్టీ పట్టించిన నాలుగు ముక్కలు చెప్పిస్తారు, టీచరే ఫోన్‌లో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. పిల్లలు అందులో చేసిందేమీ ఉండదు. రెండు, మూడు తరగతులకు స్టాప్ మోషన్ దానికంటే ఎన్నో రెట్లు నయం. వస్తువును కాస్త జరిపి ఒక ఫోటో, ఇంకాస్త జరిపి ఇంకో ఫోటో తీసి, వరసగా తిప్పితే అది తనంతట తానే నడుస్తుంది. పిల్లల ముఖాలు కనబడవు కాబట్టి అనుమతుల తలనొప్పి కూడా తగ్గుతుంది. గొంతు రికార్డు చేస్తే మాత్రం తల్లిదండ్రుల్ని అడగాల్సిందే.

సినిమాల్లో సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 ఫోటోలు. మనకు 8 చాలు. 15 సెకన్లకు 120 ఫోటోలు అవుతాయి. ఈ లెక్క బోర్డు మీద పిల్లలతోనే వేయించండి, ఎనిమిదో ఎక్కానికి ఒక పని దొరుకుతుంది. మొదటిసారి సెకనుకు 5 పెట్టుకున్నా పర్వాలేదు. 75 ఫోటోలతో అయిపోతుంది, కదలిక కాస్త కుదుపుగా ఉన్నా పిల్లలు పట్టించుకోరు. యాప్ కావాలంటే స్టాప్ మోషన్ స్టూడియో ఉచిత వెర్షన్ సరిపోతుంది. ముందటి ఫోటో పల్చగా కనిపించేలా పెట్టుకోవచ్చు కాబట్టి ఎంత జరిపామో తెలుస్తుంది.

ట్రైపాడ్ కొనకండి, అట్టపెట్టె చాలు. 30 సెంటీమీటర్ల ఎత్తున్న పెద్ద పెట్టెను బోర్లించి, ముందువైపు అట్ట మొత్తం, పక్కవైపు ఒకటి కోసేయాలి. పైన కెమెరా పట్టేంత చిల్లు పెట్టి, ఫోన్‌ను దాని మీద పడుకోబెడితే కింద ఏ4 కాగితం మొత్తం ఫ్రేములోకి వస్తుంది. కెమెరా ఉబ్బెత్తుగా ఉన్న ఫోన్ ఊగుతుంది, నాలుగు మూలలా టేపు వేయాలి. పెట్టెను కూడా బల్లకు టేపుతో అంటించి, చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి ఉంచండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మర్చిపోతే సరిగ్గా బొమ్మ సగం దారిలో ఉండగా ఫోన్ మోగుతుంది.

కాగితం బొమ్మలకు మన క్లాసుల్లో మొదటి శత్రువు ఫ్యాన్. ఆపితే ఉక్క, వేస్తే బొమ్మ ఎగిరిపోతుంది. అందుకే చింతపిక్కలు మేలు. బరువుంటాయి, దొర్లిపోవు, డబ్బు పెట్టక్కర్లేదు. లేత రంగు చార్టు మీద బాగా కనబడతాయి. మెరిసే చార్టు వద్దు, వెలుతురు పడి తెల్లటి మచ్చ వస్తుంది. కిటికీ ఎండ కూడా పనికిరాదు. మబ్బు కమ్మినప్పుడల్లా సినిమాలో లైటు వేసి ఆర్పినట్టు ఉంటుంది. కిటికీ మూసి ట్యూబ్‌లైటు కింద తీయండి. అయినా వెలుగు మారుతోందంటే కెమెరా తనే సర్దుకుంటోందన్నమాట. తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి.

కథకు సీతాకోకచిలుక జీవితచక్రం తీసుకోండి. ముందు కథను గీసుకోవడానికి ఒక కాగితాన్ని రెండుసార్లు మడిస్తే నాలుగు గళ్లు వస్తాయి: గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక. ఒక్కో గడిలో ఒక్క బొమ్మే. పిల్లలు పువ్వులూ పక్షులూ సూర్యుడూ అన్నీ కదలాలంటారు. ఒప్పుకోవద్దు, ఒకటే కదలాలి.

అసలు కష్టం కదపడంలోనే ఉంది. పిల్లలు ఒక్కసారిగా జానెడు జరుపుతారు, తెర మీద పురుగు మాయమై ఇంకోచోట తేలుతుంది. సెంటీమీటర్లు చెప్పి లాభం లేదు, 'చిటికెన వేలు వెడల్పు' అనండి, చాలు. ఐదు పిక్కల్ని వరసగా పేర్చితే పురుగు. ఒక ఫోటోకు తోక పిక్క ముందుకు, నడిమి పిక్క పైకి. తర్వాతి ఫోటోకు తల పిక్క ముందుకు, నడిమిది కిందికి. ఈ రెండు అడుగులే మళ్లీ మళ్లీ వేయిస్తూ పోతే నడుము వంచి పాకుతున్నట్టు వస్తుంది. ప్యూపాకు 16 ఫోటోలు కదలకుండా తీస్తే సినిమా ఆగిపోయిందనుకుంటారు. నాలుగో ఫోటోకోసారి ఇసుమంత పక్కకు జరిపితే లోపల ఏదో ఉందనిపిస్తుంది.

నలుగురికి నాలుగు పనులు: ఒకరు కదపాలి, ఒకరు బటన్ నొక్కాలి, ఒకరు ఆ నాలుగు గళ్ల కాగితం మీద ఫోటోకో గీత గీయాలి, ఒకరు కాపలా. కాపలా పిల్ల 'చేతులు!' అనగానే అందరూ చేతులు వెనక్కి పెట్టుకోవాలి, అప్పుడే నొక్కాలి. ఇరవై ఫోటోలకోసారి పనులు మార్చండి, లేకపోతే కదిపే పని ఒకరే పట్టుకు కూర్చుంటారు. ఐదు సెకన్లకోసారి తనే ఫోటో తీసే టైమర్ ఈ వయసుకు వద్దు, సగం ఫోటోల్లో వేళ్లే ఉంటాయి.

గొంతు చివర్లో. 15 సెకన్లకు నాలుగు చిన్న వాక్యాలు పడతాయి. రాసిస్తే పాఠం చదివినట్టు చదువుతారు. 'ఇప్పుడేం చేస్తోంది?' అని అడిగి, వాళ్ల జవాబే రికార్డు చేయండి, యాస దిద్దకండి. ఫోన్ నోటికి జానెడు దూరంలో ఉండాలి, ఆ రెండు నిమిషాలు మాత్రం ఫ్యాన్ ఆపక తప్పదు.

వేళ్లు పడ్డ ఫోటోలు తీసేసే పని మీరు చేయొద్దు, వెతికి తీసేయడం పిల్లలకు ఆటే. ఆ తర్వాత పక్క జట్టుకు సౌండ్ లేకుండా చూపించి, ఏం జరిగిందో వాళ్లనే చెప్పమనండి. ఎక్కడ అర్థం కాలేదన్నారో ఆ ముక్క మాత్రం మళ్లీ తీస్తే చాలు. పెట్టె కదిలినా పెన్సిల్ గీత ఉంటుంది కదా, అదే చోట పెట్టుకోవచ్చు.