పాత పికప్‌కి హబ్ బేరింగులు కొన్నప్పుడు

మాది పాత టాటా 207. ఎండాకాలం నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్‌కి మామిడికాయలు తోలుతుంది, మిగతా రోజుల్లో ఏ కిరాయి దొరికితే అది. సీజన్ ఇంకా మొదలవకముందే ముందు చక్రం దగ్గర గుయ్‌మని మోత పట్టుకుంది. స్పీడు పెరిగేకొద్దీ పెరుగుతుంది, క్లచ్ తొక్కినా తగ్గదు. స్టీరింగ్ కుడికి తిప్పితే ఎక్కువవుతోంది. అప్పుడు బరువంతా ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి అనుమానం ఎడమ మీదకే పోయింది.

జాకీ వేసి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమంది. మా మెకానిక్ భాయ్ అంతటితో తేల్చలేదు. నన్ను బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపాడు. చప్పుడు ఆగిపోయింది. "బేరింగేనండీ. బ్రేకు తొక్కినా ఊగితే వెనకున్న జాయింట్లు చూడాల్సి వచ్చేది" అన్నాడు.

ఇక స్పేర్ పార్టుల కోసం విజయవాడ ఆటోనగర్. బండి పేరు, మోడల్ సంవత్సరం చెప్తే చాలు, షాపులో డబ్బా తీసి ముందు పెట్టేస్తారు. కానీ మా బండి ఎన్ని చేతులు మారిందో! మధ్యలో ఎవరైనా హబ్బే, అంటే బేరింగులు కూర్చునే చక్రం నడిమి భాగమే, మార్చి ఉండొచ్చు. అందుకే భాయ్ పాతవి ఊడదీసి, కిరసనాయిలుతో కడిగి, గుడ్డలో చుట్టి ఇచ్చాడు. లోపలి వైపు పెద్దది, బయటి వైపు చిన్నది, దేని నంబరు దాని మీదే చెక్కి ఉంటుంది.

నంబరెందుకంత ముఖ్యమో కౌంటర్ దగ్గరున్న పెద్దాయన చూపించాడు. 30207, 32207 పక్కపక్కన పెట్టాడు. చివరి 07ని ఐదుతో హెచ్చిస్తే లోపలి బెజ్జం 35 మిల్లీమీటర్లు. బయటి కొలత రెండింటికీ 72. వెడల్పు మాత్రం ఒకటి 18.25, ఇంకోటి 24.25. "ఇరుసు మీదకి రెండూ ఎక్కుతాయి బాబూ, కొంప ముంచేది ఆ ఆరు మిల్లీమీటర్లే."

కంపెనీ విషయంలో నేను పెద్దగా బుర్ర పాడుచేసుకోలేదు. ఎన్‌బీసీ, టిమ్‌కెన్, ఎస్‌కేఎఫ్, ఏదైనా నాకు పర్లేదు. భయమల్లా డూప్లికేటుతోనే. డబ్బా అచ్చం అలాగే ఉంటుంది, రేటు మాత్రం అనుమానమొచ్చేంత తక్కువ. కాబట్టి డీలరు దగ్గరే, బిల్లుతోనే కొన్నాను. కప్పు (రోలర్లు తిరిగే బయటి రింగు) బాగానే ఉంది కదా, రోలర్లున్న కోన్ (లోపలి భాగం) ఒక్కటీ తీసుకుపొమ్మని షాపు కుర్రాడు అన్నాడు గానీ వినలేదు. పాత కప్పులో గోరుకి తగిలే గుంటలున్నాయి. కొత్త రోలర్లు వాటి మీద తిరిగితే ఎన్నాళ్లుంటాయి?

రెండు పక్కలా మార్చాల్సిందేనని కొందరు పట్టుబడతారు. నేను ఒప్పుకోను. కుడివైపువి విప్పి, కడిగి చూస్తే అద్దంలా ఉన్నాయి. వాటికి కొత్త గ్రీజు, కొత్త సీలు వేయించానంతే. గ్రీజు మాత్రం వేడికి ఆగే వీల్ బేరింగ్ గ్రీజే. మామూలు ఛాసిస్ గ్రీజు పెడితే బ్రేకు డిస్కు వేడికి కరిగి కారిపోతుంది.

బిగించేటప్పుడు భాయ్ హబ్బుని తిప్పుతూ నట్టు గట్టిగా బిగించి, మళ్లీ వదులు చేసి, వేళ్లతో ఆనించి, నట్టు ఊడిపోకుండా కొత్త స్ప్లిట్ పిన్ దూర్చాడు. ఆగిరిపల్లి దాకా ఖాళీ బండి తోలి, హబ్బు మీద చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది. చెయ్యి కాలేంత వేడుంటే నట్టు బిగువైనా అయ్యుండాలి, బ్రేకైనా పట్టేస్తుండాలి. మోత లేదు. మర్నాడే లోడుకి ఒప్పుకున్నాను.