సత్యభామ దరువు నా గొంతుతోనే

రంగప్రవేశం, అంటే తొలి వేదిక ప్రదర్శన, అయ్యాక చాలామంది నాట్యం నేర్చుకోవడం పూర్తయిందనుకుంటారు. నాకు అసలు చదువు ఆ తర్వాతే మొదలైంది. కూచిపూడి నృత్యనాటకం భామాకలాపంలో సత్యభామ వేషం కట్టాలి, దరువులు, అంటే ఆ పాత్ర పాటలు, నేనే పాడాలి అని పట్టుబట్టాను. కూచిపూడిలో ఇది కొత్త కోరికేమీ కాదు. వీధి ప్రదర్శనల కాలంలో వేషం కట్టినవారే ఆడుతూ పాడేవారు, మాటలూ చెప్పేవారు. ఇప్పుడు వెనక గాయని పాడుతుంటే పెదవులు కదపడమే ఎక్కువ.

సంగీతంలో వర్ణాల వరకు వచ్చు కదా అన్న ధీమా ఉండేది. అయితే కూర్చుని పాడే గొంతు వేరు, గజ్జె కట్టాక పలికే గొంతు వేరు. మాస్టారు మొదట అరమండిలో, అంటే మోకాళ్లు వంచిన భంగిమలో, నిలబెట్టి పాడించారు. తర్వాత నడకలతో, ఆపైన అడుగులతో. శ్రుతి కాస్త తగ్గించారు. కష్టమంతా జతి, అంటే లయకు వేసే అడుగుల వరుస, ముగిసే చోటే. దాని ముగింపైన తీర్మానం పడిన మరుక్షణం పల్లవి ఎత్తుకోవాలి, ఊపిరేమో ఇంకా ఎగసిపడుతూ ఉంటుంది. "అడుగు చిన్నదైనా ఫరవాలేదమ్మా, సాహిత్యం తెగకూడదు" అనేవారు.

చెలికత్తె మాధవి మగని పేరు చెప్పమని అడిగితే సత్యభామ సిగ్గుతో చెప్పలేకపోయే ఘట్టం ఉంది. అక్కడ నాకొకటి తెలిసింది: ఆయాసాన్ని దాచనక్కర్లేదు, ఆ తడబాటే అభినయమైపోతుంది. రికార్డు చేసిన పాటకు ఆడితే ఇది ఎన్నటికీ దొరకదు. మైకు సంగతి వేరే చెప్పాలి. మెడ దగ్గర పెడితే హారాలు రాసుకుని గరగరమంటుంది, చెంపకు అంటించుకునేదే మేలు.

ఇక బతుకుతెరువు. గాత్రం, నట్టువాంగం (తాళాలతో నాట్యాన్ని నడిపించడం), మృదంగం, వయొలిన్, వేణువు కళాకారులందరికీ ఇచ్చాక నర్తకికి మిగిలేది చాలా తక్కువ. అందుకే నిర్వాహకులు రికార్డు చేసిన పాటను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోమంటారు. నన్ను నిలబెట్టింది పాటే. ఇతరుల రంగప్రవేశాలకు గాత్రం పాడతాను, పిల్లలకు నేర్పుతాను. ఆ రాబడితోనే ఏటా భామాకలాపం వాద్యబృందంతో ఆడగలుగుతున్నాను.

నా దగ్గర చేరిన పిల్లలకు అడుగులతో పాటే సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరుసలూ మొదలవుతాయి. రెండూ ఎందుకని అడిగే తల్లిదండ్రులను కూర్చోబెట్టి, సత్యభామ కృష్ణుడికి లేఖ రాసే ఘట్టం ఆడుతూ పాడి చూపిస్తాను.