1:12 దగ్గర భలే

ఆదివారం. ఈ వారం విని అభిప్రాయం చెప్పమని వచ్చినవి నాలుగు పాటలు. మూడు డ్రైవ్ లింకులు, ఒకటి వాట్సాప్ వాయిస్ నోట్. వాయిస్ నోట్‌కి పొద్దున్నే జవాబు వెళ్ళింది: "పాట విన్నానండి. అదే ఫైల్‌ని ఒకసారి డాక్యుమెంట్‌గా పంపుతారా?" వాయిస్ నోట్ ఉన్నది మాటల కోసం. ఒకే చానెల్, బాగా కుదించిన ఫైల్. తాళాలు, డ్రమ్స్‌లో హై-హ్యాట్ లాంటివి అందులో పోపులో ఆవాలు చిటపటలాడినట్టు వస్తాయి. అది విని "మీ హై-హ్యాట్ గరగరలాడుతోంది" అంటే లేని జబ్బుకి మందు రాసినట్టే. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నది ఉన్నట్టు వస్తుంది. వేవ్ అయితే మేలు, 320 ఎంపీత్రీ అయినా ఫరవాలేదు.

మిగతా మూడింటినీ రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసి ముందు మోత సమం చేయడం. ఇది చేయకుండా వింటే తీర్పు కచ్చితంగా తప్పుతుంది. ఒకటి మైనస్ 7 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మోతకి కొలత, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ గట్టి), ఇంకొకటి మైనస్ 21. మోత పెరిగేకొద్దీ కింది బేస్, పై మెరుపు రెండూ చెవికి ఎక్కువగా తెలుస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. అందుకే గట్టిగా ఉన్నది మంచి మిక్స్‌లా, మెల్లగా ఉన్నది చప్పగా అనిపిస్తుంది. గట్టివాటిని తగ్గించాలి, మెల్లటిదాన్ని పెంచకూడదు. పెంచితే పీకులు (శబ్దంలో ఎత్తైన చోట్లు) సున్నా దాటి చిరుగుతాయి, ఆ చిరుగు పాట చేసినవాళ్ళ ఖాతాలో పడుతుంది. మూడూ మైనస్ 21కి దించి, హెడ్‌ఫోన్ నాబ్ పెంచుకుంటే సరి.

ఒక్కో పాటా మూడుసార్లు. మొదటిసారి ఫోన్ స్పీకర్‌లో, ఏమీ రాసుకోకుండా, కూరలు తరుగుతూ. చేయి ఎక్కడ ఆగిందో గుర్తుంటే చాలు. రెండోసారి హెడ్‌ఫోన్స్‌తో, టైమ్ రాసుకుంటూ. మూడోసారి రాసుకున్న చోట్లు మాత్రమే. రెండోసారి తప్పులనుకున్నవాటిలో కొన్ని మూడోసారికి పాట స్వభావంగా తేలతాయి. వాటిని కొట్టేయాలి.

మొదటిది వానపాట. ఆడగొంతు, ఐదున్నర శ్రుతి, 84 బీపీఎం (నిమిషానికి 84 బీట్లు). ట్యూనూ మాటలూ ఆవిడవే. పల్లవి రెండో లైన్‌లో "నా మది" అని ఉంది. 0:48 దగ్గర ట్యూన్ "మ" మీద రెండు బీట్లు ఆగుతుంది. వినేవాళ్ళకి "నా మాది" అని వినబడుతుంది. శబ్దాన్ని సర్దే ఏ ఈక్యూ ప్లగినూ దీన్ని బాగుచేయలేదు. మనకి హ్రస్వం దీర్ఘమైతే మాటే మారిపోతుంది: కల కాస్తా కాల అవుతుంది, పడితే కాస్తా పాడితే అవుతుంది. ట్యూన్ ముందు కట్టి మాటలు తర్వాత కూర్చేవాళ్ళందరికీ ఎక్కడో ఒకచోట తగిలేదే ఇది.

దీనికి దారులు మూడు. సాగతీతని "ది" మీదకి జరపొచ్చు. తెలుగు మాట చివరి అచ్చు సాగినా ఇబ్బంది లేదు, "మదీ" అన్నా మదే. లేదా మొదటి బీట్ ఖాళీగా వదిలి, "మది"ని రెండో బీట్‌లో పొట్టిగా అనేయొచ్చు; ఆ ఖాళీ సంగతి వేణువు చూసుకుంటుంది. అదీ కాదంటే గురువుతో మొదలయ్యే మాట వేయాలి. "ప్రాణం" సరిపోతుంది. "గుండె" కూడా సరిపోతుంది గానీ, సాగాల్సింది "గు" కాదు, సున్నా. "గుం..డె" అని ముక్కులో ఆపితే మాట నిలబడుతుంది. "గూండె" అంటే కథ మళ్ళీ మొదటికే. మూడు దారులూ రాసి పంపాను, లైన్ మాత్రం రాసివ్వలేదు. అవతలివాళ్ళ పల్లవిలో మన మాట దూరితే వాళ్ళకి ఆ పాట పాడబుద్ధి కాదు.

ఆవిడ పంపిన నోట్‌లో ఒక అనుమానం: "చరణం ముందు ఖాళీగా ఉందేమో, స్ట్రింగ్స్ పెట్టాలా?" వద్దే వద్దు. 1:12 దగ్గర ఒక్క బార్, అంటే ఈ వేగంలో దాదాపు 2.9 సెకన్లు, వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పటిదాకా స్ట్రింగ్స్ ఆగకుండా సాగుతూ ఉన్నాయి, చెవి వాటిని పట్టించుకోవడం మానేసింది. అవి పోయాకే అవి ఉండేవని తెలుస్తుంది. ఆ వెంటనే గొంతు ఒంటరిగా వస్తుంది. కత్తి ఆగింది అక్కడే. కాబట్టి జవాబులో మొదటి లైన్: "1:12 దగ్గర భలే. ఆ ఖాళీని ముట్టుకోకండి." కారణం రెండో లైన్‌లో. "మది" సంగతి ఆ తర్వాతే.

కచేరీలో రసికులు శభాష్ అనడానికి కీర్తన అయిపోయేదాకా ఆగరు. సంగతి (ఒకే లైన్‌ని మార్చి పాడే తీరు) పడిన క్షణంలోనే అంటారు. ఏది తగిలిందో పాడేవాళ్ళకి అప్పుడే తెలుస్తుంది, వీలైతే అదే చోట ఇంకో సంగతి వేస్తారు. ఫైల్ పంపి కూర్చున్నవాళ్ళకి ఆ వీలు లేదు. "సూపర్ అండి" అంటే ఏది సూపరో వాళ్ళకి తెలియదు, తర్వాతి వెర్షన్‌లో సరిగ్గా ఆ సూపర్ ముక్కనే తీసేస్తారు. విమర్శకి టైమ్ రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, మెచ్చుకోలుకి రాసేవాళ్ళే తక్కువ.

రెండోది ర్యాప్. ఫైల్ పేరు ఫైనల్ మాస్టర్ 9. అడిగింది ఒకటే: "ఫ్లో ఎలా ఉందన్నా?" ముందు దానికే జవాబు. 0:52 నుంచి నాలుగు బార్లలో ప్రతి లైన్ మొదట్లో రెండో అక్షరం కలుస్తుంది. పద్యాల్లో ప్రాస ఉండే చోటే అది. కావాలని చేశాడో, నోటికి అలా వచ్చిందో గానీ, ఆ నాలుగు బార్లు పరుగెత్తాయి. మిగతాచోట్ల ప్రాస అంతా లైన్ చివర: వస్తా, చూస్తా, తెస్తా, కోస్తా. తెలుగులో ఆ క్రియలన్నీ అలాగే ముగుస్తాయి కాబట్టి అది ప్రాసలా కాదు, వ్యాకరణంలా వినిపిస్తుంది. రెండు లైన్లకి ఒకసారైనా చివర నామవాచకం పడితే చాలు.

ఇంకొకటి ఊపిరి. 16 బార్లలో ఎక్కడా ఊపిరి పీల్చే చోటు రాసుకోలేదు. ముక్కలుగా రికార్డ్ చేసి అతికించాడు, 0:37 దగ్గర సగం ఊపిరి తెగి వినిపిస్తోంది. ఊపిరి ఉంటే మొత్తం ఉండాలి, లేదంటే మొత్తం పోవాలి. సగం ఊపిరి మనిషిది కాదనిపిస్తుంది. అతుకు దగ్గర 5 నుంచి 10 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతుండగా ఇంకోటి పెరగడం) వేస్తే టిక్కుమనే చప్పుడు పోతుంది. అసలు మందు మాత్రం రాతలోనే ఉంది: ప్రతి నాలుగో బార్‌లో చివరి బీట్ ఖాళీగా వదలడం.

ఇదంతా పంపి, చివర "మిక్స్ గురించి కూడా చెప్పనా?" అని అడిగాను. లిజ్ లెర్మన్ అనే అమెరికన్ నృత్యదర్శకురాలు 1990లో అభిప్రాయం చెప్పడానికి ఒక పద్ధతి పెట్టింది. అందులో మొదట చూసినవాళ్ళు తమకి ఏం తగిలిందో చెబుతారు, తర్వాత కళాకారులు అడుగుతారు, ఆ తర్వాత చూసినవాళ్ళు తీర్పు దాగని ప్రశ్నలు అడుగుతారు, చివరికి అనుమతి తీసుకుని అభిప్రాయం చెబుతారు. నాలుగు మెట్లూ ప్రతి ఫైల్‌కీ ఎక్కే ఓపిక ఉండదు గానీ, ఆ చివరి మెట్టు మాత్రం వదలకూడదు. "చెప్పన్నా" అని వచ్చింది, పది నిమిషాల్లో.

ఫోన్‌లో బేస్ మాయం. 808 బేస్ (డ్రమ్ మెషీన్ తరహా లోతైన బేస్) జి నోట్ మీద ఉంది, అంటే 49 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ అంత కిందికి పోదు. పోదు కదా అని బేస్ ఫేడర్ పెంచాడు, దాంతో కారులో డాష్‌బోర్డు ఊగే మిక్స్ అయింది. చేయాల్సింది వేరు: బేస్ ట్రాక్‌కి నకలు తీసి, నకలు మీద శాచురేషన్ (శబ్దాన్ని కాస్త చీల్చి పై స్వరాలు పుట్టించడం) వేసి, 150 హెర్ట్జ్ కింద కోసేసి, అసలు బేస్ కింద మెల్లగా కలపాలి. 49కి గుణిజాలైన పై హార్మోనిక్స్ వినిపిస్తే చాలు, కింద నోట్ ఉన్నట్టు చెవే ఊహించుకుంటుంది. కిక్ డ్రమ్ పడినప్పుడల్లా బేస్ 3, 4 డీబీలు తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టి, రిలీజ్ (బేస్ తిరిగి లేచే సమయం) 80 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి చూడాలి. పైగా ఆ 808 సగం స్వరం కిందికి ఉంది. అంత కింద శ్రుతి చెవికి చిక్కదు. బేస్‌ని రెండు ఆక్టేవ్‌లు పైకి జరిపి కీబోర్డుతో పాటు వింటే తేడా వెంటనే దొరుకుతుంది, సరిచేసి మళ్ళీ కిందికి దించేయడమే.

మోత మైనస్ 7 దాకా తొక్కినా స్పాటిఫై, యూట్యూబ్ మైనస్ 14 దగ్గరికి దించేస్తాయి. మిగిలేది నలిగిన స్నేర్ ఒక్కటే. లిమిటర్‌ని (శబ్దాన్ని ఒక గీత దాటనివ్వని ప్లగిన్) 3, 4 డీబీలు వెనక్కి తీసి, ట్రూ పీక్, అంటే శబ్దం అసలు శిఖరం, మైనస్ 1 దగ్గర ఆపమన్నాను. రాసుకున్నవి పదకొండు, పంపింది ఇంతవరకే.

మూడోది కల్యాణి ఛాయలో ఒక లలితగీతం. మగగొంతు, ఒకటి శ్రుతి, తంబూరా యాప్, కీబోర్డు ప్యాడ్. గొంతు మంచిది, దాని మీద వేసిన ఆటో-ట్యూనే చెడగొట్టింది. కల్యాణి నిషాదం నిలబడి ఉండదు, షడ్జం వైపు ఊగుతుంది. ప్లగిన్‌కి ఊగడం తెలియదు. ప్రతి క్షణం ఏ స్వరం దగ్గరో చూసి అక్కడికి లాగుతుంది. 2:05 దగ్గర గమకం కాస్తా ని, స, ని, స అని మెట్లెక్కి దిగుతోంది. రీట్యూన్ స్పీడ్ సున్నా మీద, అంటే అతి వేగం మీద, వదిలేసినట్టున్నారు. దాన్ని 50 దాటించినా కొంత నయం. ఆటోమేటిక్ తీసేసి, గ్రాఫ్‌లో నిలకడ స్వరాలని మాత్రమే, అది కూడా నిజంగా తప్పినవాటినే సర్దుకుంటే ఇంకా మేలు. అన్నిటికంటే సులువు ఆ ఒక్క లైన్ మళ్ళీ పాడటం. రాసేటప్పుడు "మీ గమకం బాగుంది, దాన్ని ప్లగిన్ తినేస్తోంది" అని రాశాను. అది మర్యాద కోసం కాదు. 0:20 దగ్గర ప్లగిన్ పట్టుకోని చిన్న ఆలాపన ఉంది, సాక్ష్యం అదే.

ఆయన అడిగిన ప్రశ్న ఇంకోటి: "అంతా శ్రుతిలోనే ఉంది, అయినా ఎందుకో గజిబిజిగా ఉంది." ఇక్కడ కాస్త తవ్వాల్సి వచ్చింది. గొంతు మ్యూట్ చేసినా గజిబిజి ఉంది, అంటే తప్పు గొంతుది కాదు. తంబూరా యాప్‌లో ఫైన్ ట్యూనింగ్ 10 సెంట్లు (సగం స్వరంలో నూరో వంతు ఒక సెంటు) పైకి జరిగి ఉంది. 261.6 హెర్ట్జ్ దగ్గర 10 సెంట్లంటే ఒకటిన్నర హెర్ట్జ్, కాబట్టి ప్యాడ్ షడ్జంతో కలిసి సెకనుకి ఒకటిన్నర సార్లు అల వస్తోంది. అది సర్దితే సగం పోతుంది. మిగతా సగం గాంధారం. తంబూరా షడ్జం తీగలోంచి గాంధారం దానంతటదే పలుకుతుంది, ఐదో హార్మోనిక్‌గా. అది కీబోర్డు గాంధారం కంటే దాదాపు 14 సెంట్లు తక్కువ. ప్యాడ్‌లో మేజర్ కార్డ్ పట్టుకుని కూర్చుంటే రెండు గాంధారాలూ రాచుకుంటాయి. ప్యాడ్‌లోంచి గాంధారం తీసేసి స, ప మాత్రమే ఉంచితే సరిపోతుంది. గాంధారం ఇవ్వడానికి తంబూరా ఉంది, పాడే మనిషీ ఉన్నాడు. ఫైల్‌ని ఒకసారి అలా చేసి విందామంటే విడి ట్రాకులు (స్టెమ్స్) లేవు. "స్టెమ్స్ ఉంటే పంపండి, లేకపోతే మీరే ఒక ఐదు నిమిషాలు చేసి చూడండి" అని రాసి వదిలేశాను.

నాలుగోది సాయంత్రం డాక్యుమెంట్‌గా వచ్చింది. మొదటి పాటట. ఫోన్‌లో రికార్డింగ్, గిటార్, గొంతు. మొదటి పాటకి ఒకే ఒక్క సవరణ చెప్పాలి, అది కూడా డబ్బు ఖర్చు కానిదై ఉండాలి. లోపాలైతే ఏడెనిమిది ఉన్నాయి: చరణంలో వేగం పెరిగింది, గిటార్ మూడో తీగ కాస్త దిగింది, "భ" వచ్చినప్పుడల్లా ఫట్‌మని గాలి కొడుతోంది. వాటన్నిటికంటే మీద కూర్చున్నది ఫ్యాన్ హోరు, గది మోత. ఫోన్‌ని ఉత్త బల్ల మీద పెట్టినట్టుంది. బల్ల మీంచి తిరిగొచ్చే శబ్దం గొంతుతో కలిసి డబ్బాలోంచి వచ్చినట్టు చేస్తుంది. రాసింది ఇంతే: 0:15 దగ్గర హమ్మింగ్ వెనక గిటార్ ఒక్క తీగకి తగ్గిపోవడం చాలా బాగుంది, అక్కడ దగ్గరగా పాడినట్టు ఉంది. పాటంతా అంత దగ్గరగా వినిపించాలంటే ఫ్యాన్ ఆపి, ఫోన్ కింద తువ్వాలు మడిచి పెట్టి, జానెడు దూరంలో, నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కగా ఉంచి పాడండి. వెనక తాడు మీద రెండు దుప్పట్లు. పక్కగా పెడితే "భ" గాలి కూడా దానంతటదే తగ్గుతుంది, ఆ సంగతి విడిగా చెప్పక్కర్లేదు.

తొమ్మిదింటికి రెండో టేక్ వచ్చేసింది. ఫ్యాన్ లేదు. గొంతు ఎదుట కూర్చున్నట్టుంది. వేగం కూడా పెరగలేదు, ఫ్యాన్ హోరుని మించి పాడాల్సిన అవసరం పోయిందేమో. 1:31 దగ్గర వంటింట్లో కుక్కర్ విజిల్ పడింది, ఇంచుమించు పంచమం మీద. రెండో విజిల్ వచ్చేలోపు చరణం అయిపోయింది.